ఇన్వర్‌కార్‌గిల్ హేస్ దుకాణం: మేకులు, సుత్తుల మధ్య బర్ట్ మన్రో బండి

పాత రేసు బండిని బాగు చేయించాలనుకునేవాళ్లు పని మొదలుపెట్టక ముందే ఒకసారి వెళ్లి రావాల్సిన దుకాణం ఇది. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపానికి అట్టడుగున ఉన్న ఇన్వర్‌కార్‌గిల్‌లో, డీ స్ట్రీట్ మీద ఉంది. పేరు ఇ. హేస్ అండ్ సన్స్. సుత్తులు, మేకులు, డ్రిల్లు బిట్లు, వంటింటి సామాను, తోట పనిముట్లు అమ్మే మామూలు హార్డ్‌వేర్ దుకాణం. మోటార్‌సైకిల్ వేగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పిన బర్ట్ మన్రో నడిపిన బండి, అమెరికాలో తయారైన 1920 నాటి ఇండియన్ స్కౌట్, ఆ అరల మధ్యనే ఉంది. నమూనా కాదు, అసలు బండి. చూడటానికి టికెట్ లేదు.

నేను డునెడిన్‌లో ఒక మెషిన్ షాపులో లేతు పని చేస్తాను. పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, మా మేనమామ దగ్గర. తీరిక దొరికినప్పుడు పాత బ్రిటిష్ బళ్లు బాగు చేసిపెడుతుంటాను. ఈ మధ్య నా దగ్గరికి ఒక వెలోసెట్ ఎం.ఎస్.ఎస్. వచ్చింది. బర్మింగ్‌హామ్‌లోని హాల్ గ్రీన్‌లో తయారైన 495 సి.సి. ఒంటి సిలిండరు బండి. యజమాని తాతగారు కుర్రతనంలో దాన్ని ఇన్వర్‌కార్‌గిల్ దగ్గరి ఒరేటి బీచ్ ఇసుక మీద వేగపు పోటీల్లో నడిపారట. ఆయన పోయాక ఏళ్ల తరబడి కొట్టంలోనే ఉండిపోయింది. షోరూములోంచి అప్పుడే బయటికి వచ్చినట్టు నల్ల రంగు, బంగారు గీతలతో దాన్ని మెరిపించాలని యజమాని కోరిక. నాకు మనసొప్పలేదు. ముందు ఇన్వర్‌కార్‌గిల్ వెళ్లి ఒక బండిని చూద్దాం, తర్వాత మీరు ఎలా చెబితే అలా చేస్తాను అన్నాను. సరేనన్నాడు. ఇద్దరం ఒక శనివారం బయలుదేరాం. డునెడిన్ నుంచి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి.

హేస్ అనే పేరు న్యూజిలాండ్ రైతులకు బాగా తెలుసు. ఎర్నెస్ట్ హేస్ అనే ఆయన సెంట్రల్ ఒటాగోలోని ఒటురేహువా అనే చిన్న పల్లెలో 1895లో పనిముట్ల తయారీ మొదలుపెట్టాడు. పొలం కంచెల తీగను బిగించడానికి ఆయన కనిపెట్టిన సాధనం దేశమంతా పాకింది. కొడుకు ఇర్వింగ్ 1932లో ఇన్వర్‌కార్‌గిల్‌లో ఈ దుకాణం పెట్టాడు. చివరి రోజుల్లో మన్రో ఆరోగ్యం దెబ్బతిన్నప్పుడు, తన బళ్లు సౌత్‌లాండ్ ప్రాంతం దాటి పోకూడదని వాటిని ఈ కుటుంబానికే చెందిన నార్మన్ హేస్‌కు అమ్మాడు. ఇనుముతో బతికిన మనిషి తన బండిని ఇనుప సామాను అమ్మేవాళ్ల చేతుల్లో పెట్టడం నాకు ఎంతో సబబుగా తోచింది. 1978 జనవరి 6న మన్రో కన్నుమూశాడు.

దుకాణంలోకి అడుగు పెడితే ప్రదర్శనశాల అనిపించదు. ఒక వరుసలో గొళ్లేలు, బోల్టులు, ఆ చివర ఒక పాత మోటార్‌సైకిల్. ఇంకో వరుసలో రెంచీలు, పక్కనే ఒక పాత ఇంజను. కారు కూడా కనిపిస్తుంది. మేం వెళ్లినప్పుడు ఒక రైతు బూట్లతోనే వచ్చి గొలుసు కొలిపించుకుంటున్నాడు, అతని వెనక ఇద్దరు పర్యాటకులు స్కౌట్ ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎవరూ ఎవరికీ అడ్డు కాలేదు. కౌంటరు దగ్గరి మనిషి నన్ను ఏం కావాలని అడిగాడు. బండి చూడటానికి వచ్చామంటే, తీరిగ్గా చూడండి అని చేత్తో దారి చూపించి తన పనిలో పడిపోయాడు. నాకు అలాంటి మర్యాదే నచ్చుతుంది. వెంట నడుస్తూ కథ చెప్పే మనిషి ఉంటే లోహాన్ని చూడనివ్వడు.

ఇక బండి సంగతి. ఇండియన్ కంపెనీ అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారుచేసిన స్కౌట్‌ను మన్రో 1920లో కొన్నాడు. ఇంజను నంబరు 50ఆర్627. దాదాపు 600 సి.సి. ఇంజను, వీ ఆకారంలో రెండు సిలిండర్లు. అప్పట్లో దాని గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు, అంటే దాదాపు 89 కిలోమీటర్లు. అదే బండితో ఆయన యూటా రాష్ట్రంలోని బోనవిల్ ఉప్పు మైదానం మీద 1962లో గంటకు దాదాపు 179 మైళ్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అప్పటికి ఇంజను 850 సి.సి.కి పెరిగింది. 1966లో 920 సి.సి., 1967లో 950 సి.సి. ఆ ఏడాది వెయ్యి సి.సి. లోపు తరగతిలో వచ్చిన రికార్డు 183.586 మైళ్లు, అంటే 295.453 కిలోమీటర్లు. అర్హత కోసం ఒకవైపు పరుగెత్తినప్పుడు 190.07 మైళ్లు అందుకున్నాడు. అప్పటివరకు ఇండియన్ బండి మీద అధికారికంగా నమోదైన అత్యధిక వేగం అది. అప్పటికి ఆయన వయసు 68.

ఆయన మీద 2005లో వచ్చిన సినిమా చూసి 200 మైళ్లు దాటిన అంకె గుర్తుపెట్టుకుని వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లు ఈ అంకెలు చూసి నీరుగారిపోనక్కర్లేదు. రికార్డు అంటే ఒక్క పరుగు కాదు. వెళ్లినప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి కొలిచి, రెండింటి సగటు తీస్తారు. గాలి ఒకవైపు సాయం చేస్తే ఇంకోవైపు ఎదురు తిరుగుతుంది కాబట్టి ఈ పద్ధతి. 1967 నాటి లెక్కలో పొరపాటు ఉందని మన్రో కొడుకు చాలా ఏళ్ల తర్వాత గమనించాడు. అమెరికన్ మోటార్‌సైకిలిస్టుల సంఘం 2014లో దాన్ని సరిదిద్ది 184.087 మైళ్లుగా ప్రకటించింది. మనిషి పోయిన 36 ఏళ్లకు అర మైలు వేగం కలిసింది. కొలతల పని చేసే నాకు ఈ సంగతి ఎంతగా నచ్చిందో చెప్పలేను.

వేగం కన్నా నన్ను కట్టిపడేసింది ఆ వేగాన్ని తయారుచేసిన తీరు. స్కౌట్ ఇంజనుకు వాల్వులు సిలిండరు పక్కన ఉండేవి. మన్రో వాటిని సిలిండరు తల మీదికి తెచ్చాడు. వాల్వుల్ని తెరిచే క్యాములు రెండున్న చోట నాలుగు పెట్టాడు. సిలిండరు బ్యారెళ్లను గ్యాసు కంపెనీ తీసి పారేసిన పోత ఇనుప గొట్టాల నుంచి తయారుచేశాడు. పిస్టన్లను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్లను కేటర్‌పిల్లర్ ట్రాక్టరు ఇరుసులోంచి చెక్కాడు. పిస్టన్ల కోసం లోహాన్ని కరిగించి పాత డబ్బాల్లో పోత పోశాడు. 17 ప్లేట్ల క్లచ్ సొంతంగా కట్టాడు. ఇంజను నుంచి గేరు పెట్టెకు మూడు వరుసల చైను వేశాడు. మైక్రోమీటరు బదులు పాత చక్రపు ఊచతో కొలిచాడు. గాలిని చీల్చే పైతొడుగును సుత్తితో కొట్టి తయారుచేయడానికి ఐదేళ్లు పట్టింది. ఎన్నో ఏళ్లు పగలు ఉద్యోగం, రాత్రి ఈ పని. తర్వాత ఉద్యోగమూ మానేసి, బళ్లున్న షెడ్డులోనే కాపురం పెట్టాడు.

నేను ఆకురాయి పట్టి నేర్చుకున్నవాణ్ణి. చేత్తో చెక్కిన రాడ్డుకు, మిల్లింగు మిషను మీద తీసిన రాడ్డుకు తేడా కంటికి తెలుస్తుంది. చేతి పనిలో రాపిడి గీతలు ఒకే దిక్కుకు ఉండవు, వంపు దగ్గర చేయి తిరిగిన గుర్తు ఉంటుంది. ఇక్కడ వాటిని ఎవరూ చెరపలేదు. బండిని ప్రదర్శనకు పెట్టేముందు ఎవరైనా మెరుగు పెట్టే బఫింగు మిషను పట్టి ఉంటే, ఆ మనిషి చేతి పని మొత్తం ఒక్క మధ్యాహ్నంలో పోయేది. పక్కనే ఆయన 1936 నాటి వెలోసెట్ కూడా ఉంది. మా యజమాని అక్కడ ఆగిపోయాడు. తన తాతగారిది అదే మోడలు. ఎక్కడ ఏ భాగాన్ని కోశారో, ఎక్కడ ఏది తగిలించారో ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు.

దుకాణంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఒక అర. మన్రో షెడ్డులో ఉన్న అర అది. పేలిపోయిన పిస్టన్లు, విరిగిన కనెక్టింగ్ రాడ్లు వరుసగా పేర్చి, వేగ దేవుడికి సమర్పణలు అని రాసుకున్నాడు. కరిగి చిల్లు పడిన పిస్టన్లను, వంగి తెగిన రాడ్లను చూస్తే, బయట రికార్డుల పట్టికలో కనిపించే ఒక్కో అంకె వెనక ఎంత లోహం నేలపాలైందో అర్థమవుతుంది.

ఫోటోలు తీసి మేనమామకు పంపాను. మాకు మధ్యాహ్నం, విజయవాడలో పొద్దున్నే. ఆయన షాపు తెరవడానికి వెళ్తూ ఉండాలి. వెంటనే ఫోను చేశారు.

"ఒరేయ్, ఆ విరిగిన ముఖం కొంచెం పక్కనుంచి తీసి పంపరా. వెలుగు అడ్డంగా పడాలి."

"ఇంతకన్నా దగ్గరికి పోలేను మావయ్యా. ఇక్కడి నుంచే తీస్తాను."

"సరే, నువ్వే చూసి చెప్పు. కొంత మేర నున్నగా, మిగతాది గరుకుగా ఉందా?"

"అవును."

"అయితే అది ఒక్క దెబ్బకు విరిగింది కాదు. నున్నగా ఉన్న చోట పగులు మెల్లగా పాకింది, రెండు ముఖాలూ ఒరుసుకుని నునుపెక్కాయి. మిగిలిన లోహం ఇక మొయ్యలేక ఒక్కసారిగా తెగింది. పగులు ఎక్కడ మొదలైందో చూడు. మూలలో సన్నటి గీత ఏదైనా కనిపిస్తుంది. ఆయన తర్వాత చేసిన రాడ్డులో ఆ మూల గుండ్రంగా ఉంటుంది, పందెం."

ఆయన ఆటోనగర్ దాటి రాకుండానే, వేల మైళ్ల అవతల ఒక మనిషి చేసిన పనిని ఫోటోలో చదివేశారు. మన్రో ఆ ముక్కల్ని పారేయకుండా దాచడం వల్లే ఈ చదువు సాధ్యమైంది. విరిగిన భాగాలు చెప్పే సంగతులు సరిగ్గా పనిచేసే భాగాలు చెప్పలేవు. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి బండికీ ఒక పెట్టె పెడుతున్నాను. తీసేసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి, బండితో పాటే యజమానికి అప్పగిస్తాను.

ఈ విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. కొన్నాళ్ల కిందట ఇంకో ఊరి నుంచి ఒకాయన తన బండి తెచ్చాడు. ఒక వర్క్‌షాపులో బోలెడు డబ్బు పోసి బాగు చేయించాడు. పాతకాలంలో పోటీల్లో పరుగెత్తిన బండి అది. బరువు తగ్గించడానికి అప్పటివాళ్లు వేసిన రంధ్రాలన్నిటినీ వెల్డింగుతో పూడ్చేశారు. క్రాంక్ కేసును, అంటే ఇంజను కింది డొప్పను, అద్దంలా బఫింగు చేశారు, దాంతో ఇంజను నంబరు చేత్తో తడిమితే తప్ప తెలియడం లేదు. పోటీ కోసం మార్చిన కార్బురేటరు తీసేసి కొత్తది పెట్టారు, పాతది ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అది చక్కగా మెరిసే మామూలు బండి. అది ఫలానా పోటీలో పరుగెత్తింది అని చెప్పడానికి యజమాని దగ్గర మాట తప్ప రుజువు మిగల్లేదు. అక్షరాలు మసకబారాయని తాళపత్రాన్ని గీకి శుభ్రం చేసినట్టు చేశారు. పని నైపుణ్యంలో వంక పెట్టడానికి లేదు. అందుకే ఇంకా బాధ.

హేస్ దుకాణం నుంచి నేను తెచ్చుకున్న నియమం ఒకటే. కర్మాగారం నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో ఆ స్థితికి మామూలు బండిని తీసుకెళ్లొచ్చు. వేగం కోసం మనిషి మార్చిన బండిని మాత్రం, ఆ మార్పులు జరిగిన కాలానికే తీసుకెళ్లాలి. మన్రో స్కౌట్‌ను 1920 నాటి రూపానికి మార్చితే మిగిలేది గంటకు 55 మైళ్లు పోయే ఒక పాత బండి. అలాంటివి ఇంకా దొరుకుతాయి.

అలాగని ప్రతిదీ తాకకుండా వదిలేయమని కాదు. నడిపే బండి అయితే ప్రాణం నిలిచి ఉండే చోట రాజీ పడకూడదు. టైర్లు, బ్రేకు పట్టీలు, బేరింగులు, చక్రాల ఊచలు, కేబుళ్లు, పెట్రోలు గొట్టాలు కొత్తవి వేయాల్సిందే. పాత కనెక్టింగ్ రాడ్డును పగుళ్ల పరీక్ష చేయకుండా తిరిగి బిగించకూడదు. మిగతాది, అంటే రంగు, గీతలు, రంధ్రాలు, అతుకులు, చెక్కుళ్లు, ఇవన్నీ ఆ బండి ఆధారాలు. వాటిని కడిగి, ఆరబెట్టి, పైన మైనం పట్టిస్తే చాలు.

ఉప్పు మీదా సముద్రపు ఇసుక మీదా తిరిగిన బండికి ఇంకో బెడద ఉంది. పైకి శుభ్రంగా కనిపిస్తుంది కానీ, అతుకుల్లోనూ బోల్టు రంధ్రాల అడుగునా ఉప్పు దాగి ఉంటుంది. గాలిలో తేమ తగిలిన ప్రతిసారీ అది అల్యూమినియాన్ని తింటూనే ఉంటుంది. తెల్లటి పొడి, దాని కింద సూది మొనంత గుంటలు కనిపిస్తే అనుమానించాల్సింది దాన్నే. మా వెలోసెట్ క్రాంక్ కేసు విప్పినప్పుడు, ఒక మూసిన రంధ్రం అడుగున జిడ్డు నూనెతో ముద్దగట్టిన బూడిద రంగు ఇసుక దొరికింది. గోటితో నలిపితే గవ్వల నలుసులు మెరిశాయి. ఒరేటి ఇసుకే అయ్యుండాలి. తాతగారి గురించి ఇంట్లో చెప్పుకునే కథకు అదే తొలి సాక్ష్యం. యజమాని దాన్ని చిన్న సీసాలో పోసి తీసుకెళ్లాడు. ఇలాంటి కేసును ఇసుక చిమ్మే మిషనులో పెట్టకూడదు, కొత్త ఇసుక నూనె దారుల్లో చిక్కుకుంటే ఇంజను మొత్తం పోతుంది. స్వేదన జలంతో పదేపదే కడిగి, గాలి కొట్టి, వెచ్చగా ఆరబెట్టాలి. ఓపిక కావాలి, అంతే.

మా వెలోసెట్ బ్రేకు ప్లేటు మీద వేసిన రంధ్రాల సంగతి కూడా ఇన్వర్‌కార్‌గిల్ నుంచి తిరిగి వస్తూ దారిలోనే తేలిపోయింది. వాటి మధ్య దూరాలు సమానంగా లేవు. ఒకచోట డ్రిల్లు జారి పక్కకు గీసుకుపోయింది. వెళ్లేటప్పుడు ఆ ప్లేటు మార్చేయమన్న యజమాని, వచ్చేటప్పుడు ఆ గీత కూడా ఉండనివ్వమన్నాడు. ట్యాంకుకు కొత్త రంగు వేయడం లేదు. లోపలి తుప్పు మాత్రం తీసి, కారకుండా చేశాను. బంగారు గీత ఒకవైపు మోకాలి రాపిడికి అరిగిపోయింది, అదీ అలాగే ఉంటుంది.

ఒక చిన్న సలహా బ్రిటిష్ బళ్లవాళ్లకు. వీటి మరలు మన మెట్రిక్ మరలు కావు. విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. సైకిలు మరలకు కోణం 60 డిగ్రీలే అయినా సాధారణంగా అంగుళానికి 26 చుట్లు. దగ్గరగా ఉంది కదా అని మెట్రిక్ బోల్టు బలవంతంగా తిప్పితే ఎనభై ఏళ్లు నిలిచిన అల్యూమినియం మర ఒక్క నిమిషంలో పోతుంది. ఇన్వర్‌కార్‌గిల్‌కు వెళ్లేముందు మీ బోల్టు నమూనా జేబులో వేసుకుని వెళ్లండి. అడిగితే చూసి చెప్పే మనుషులున్న దుకాణం అది.

ఊళ్లోనే క్లాసిక్ మోటార్‌సైకిల్ మెక్కా అనే పెద్ద ప్రదర్శనశాల ఉంది. టికెట్ కొనాలి, బళ్లు వందల్లో ఉంటాయి, వెలుతురు, శుభ్రత అన్నీ గొప్పగా ఉంటాయి. తీరిక ఉంటే తప్పక చూడండి. క్వీన్స్ పార్కులో మన్రో విగ్రహం ఉంది. ఒరేటి బీచ్ ఊరికి పడమట కొద్ది దూరంలోనే, ఇసుక మీద కారు నడపనిస్తారు, కాకపోతే ఇంటికి వచ్చాక కింది భాగాన్ని మంచినీళ్లతో బాగా కడగాలి. ఫిబ్రవరిలో ఆయన పేరిట జరిగే బర్ట్ మన్రో ఛాలెంజ్ సమయంలో వెళ్తే అదే ఇసుక మీద పోటీలు చూడొచ్చు. అప్పుడు మాత్రం గదులు ముందే మాట్లాడుకోవాలి, ఊరు చిన్నది. బండిని దగ్గరగా, నిదానంగా చూడాలనుకుంటే ఆ వారం కాకుండా ఇంకెప్పుడైనా, ఉదయం తెరవగానే వెళ్లడం మేలు.

నేను కొన్నవి ఒక అరగుండ్రటి ఆకురాయి, డ్రిల్లు బిట్లు, కోత నూనె డబ్బా. ధరలు డునెడిన్‌లో ఇచ్చేంతే ఉన్నాయి. ఆకురాయి పళ్లు పదునుగా ఉన్నాయి, గట్టి ఉక్కు మీద కూడా జారడం లేదు. వెలోసెట్ ఫుట్‌రెస్టు కోసం కొత్తగా చేసిన బుషింగు అంచుల్ని దాంతోనే నునుపు చేశాను.